ప్రశ్న ఎవరిదో ముందు తేల్చండి

మీ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల జనానికి ఏం చేస్తోందని అడిగితే చాలాచోట్ల ఒక ఆల్బమ్ తెచ్చి చూపిస్తారు. బ్యానర్ పట్టుకుని నిలబడ్డ విద్యార్థులు, మొక్క నాటుతున్న వైస్ ఛాన్సలర్, వైద్య శిబిరంలో బీపీ చూపించుకుంటున్న పెద్దాయన. కింద తేదీ, పాల్గొన్నవాళ్ళ సంఖ్య. ఇవన్నీ కలిపి వార్షిక నివేదికలో ఒక పేజీ అవుతాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ పేజీ చూసి మార్కులు వేసి వెళ్తారు. మొక్క బతికిందా, బీపీ ఎక్కువున్న ఆ పెద్దాయన మళ్ళీ ఏ డాక్టర్నైనా కలిశాడా అని రాయడానికి ఆ నివేదికలో గడి ఉండదు.

ఇలాంటి కార్యక్రమాల మీద నాకు కోపమేమీ లేదు. ఆ వంకనైనా కొందరు పిల్లలు గేటు దాటి బయటికొస్తారు. నా అభ్యంతరమల్లా, ఆ ఆల్బమ్‌లో ఉన్న పనుల్లో బయటివాళ్ళు అడిగి చేయించుకున్నది ఒక్కటీ కనపడదు. ఏం చెయ్యాలి, ఏ రోజు చెయ్యాలి, ఎన్నింటికి ముగించాలి, అన్నీ లోపలే తేలిపోయి ఉంటాయి. బయటివాళ్ళ వంతు వచ్చి కూర్చోవడం, చివర్లో చప్పట్లు కొట్టడం. విశ్వవిద్యాలయం దగ్గర నిజంగా ఉన్న సరుకు వేరే: ల్యాబులు, లైబ్రరీ, ఒకే విషయం మీద ఇరవై ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్న మనుషులు, ఏటా కుప్పలుగా థీసిస్‌లు రాసే విద్యార్థులు. ఆ సరుకు జోలికే ఈ కార్యక్రమాలు పోవు. రక్తదాన శిబిరం ఏ క్లబ్బయినా పెట్టగలదు. కుళాయి నీళ్ళలో ఏముందో తేల్చి, సంతకం పెట్టి చెప్పడం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు.

అందుకే సేవ అనే మాట వినపడగానే నేను రెండు విషయాలు అడుగుతాను. ప్రశ్న ఎవరు వేశారు? జవాబు ఎవరి చేతికి వెళ్ళింది? ఈ రెండింటికీ సరైన సమాధానం ఉంటే బ్యానర్ లేకపోయినా పర్వాలేదు.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పెద్ద సర్వేకి ఫారాలు నింపే పనిమీద వెళ్ళాను. ఒకావిడ నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి తనే నడిపించింది. ఇంట్లో ఎంతమంది అని అడిగి నేను రాసుకునేలోపే ఎవరెవరు ఎంతవరకు చదివారో చెప్పేసింది. ఆ వెంటనే పైకప్పు దేనితో వేశారో, నీళ్ళు ఎంత దూరం నుంచి తెచ్చుకుంటారో కూడా. నా ఫారంలో ప్రశ్నలు సరిగ్గా అదే వరసలో ఉన్నాయి. "ఇంతకుముందు వచ్చినవాళ్ళూ ఇవే అడిగారు బాబూ. ఆ లెక్కలేమయ్యాయి?" అంది. మా సూపర్‌వైజర్‌ని అడిగితే "అది వేరే డిపార్ట్‌మెంట్ ప్రాజెక్టు" అన్నారు. నిజమే, వేరే డిపార్ట్‌మెంటే. ఆవిడ లెక్కలో మాత్రం మేమంతా ఒకే గేటులోంచి వచ్చినవాళ్ళం. మా సర్వే ఫలితాలు చివరికి ఒక జర్నల్లో వచ్చాయి. డబ్బు కడితేగానీ తెరుచుకోని జర్నల్ అది.

జవాబు వెనక్కి తీసుకెళ్ళకపోవడం మహా అయితే మర్యాద లోపం అనుకునేవాళ్ళు హవాసుపాయి తెగకి జరిగింది తెలుసుకోవాలి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే చిన్న తెగ అది, మొత్తం జనం కొన్ని వందలమందే. వాళ్ళలో షుగర్ జబ్బు విపరీతంగా ఉండేది. అదెందుకొస్తోందో తెలుస్తుందన్న ఆశతో 1990 తర్వాత తొలి ఏళ్ళలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకి రక్తం ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు మీద, దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్ళిళ్ళ మీద, పూర్వీకులు ఎక్కణ్ణుంచి వలస వచ్చారన్నదాని మీద కూడా పరిశోధనలకి వాడారు. తమ పుట్టుక ఆ లోయలోనే అన్నది ఆ తెగ నమ్మకం. 2003లో తెగకి చెందిన ఒక మహిళ అదే యూనివర్సిటీలో ఒక డాక్టరేట్ ప్రెజెంటేషన్‌కి వెళ్ళి కూర్చుంటే, అక్కడ చెబుతున్నది తమవాళ్ళ రక్తం గురించేనని తెలిసింది. కేసు నడిచి 2010లో రాజీ కుదిరింది. 41 మందికి మొత్తం 7 లక్షల డాలర్లు ఇచ్చారు, మిగిలిన శాంపిళ్ళు తెగకి తిరిగి అప్పగించారు. సంతకం పెట్టిన కాగితంలో మాటలు అన్ని పరిశోధనలకీ సరిపోయేంత విశాలంగానే ఉన్నాయని అవతలివైపు వాదన. కాగితం సంగతి అలా ఉంచండి. రక్తం ఇచ్చినవాళ్ళు అడిగింది షుగర్ గురించి. వాళ్ళ ప్రశ్న పక్కకి పోయింది, వాళ్ళ రక్తం మాత్రం పేపర్లకి పనికొచ్చింది.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఫ్లింట్‌ని పెట్టి చూడండి. 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని ఈ నగరం ఖర్చు తగ్గించుకోవాలని తాగునీటిని డెట్రాయిట్ నగరపు సరఫరా నుంచి మార్చి ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టింది. పైపులు తుప్పుపట్టకుండా నీళ్ళలో కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని లెడ్ (సీసం) కరిగి నీళ్ళలోకి వచ్చింది. రంగు మారిన నీళ్ళని బాటిళ్ళలో పట్టుకుని జనం మీటింగులకి వెళ్ళారు. నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు అధికారులు. లీఆన్ వాల్టర్స్ అనే ఒక తల్లి ఊరుకోలేదు. తన ఇంటి నీళ్ళ గొడవని పట్టుకుని అడగ్గలిగిన వాళ్ళందర్నీ అడుగుతూ వర్జీనియా టెక్ యూనివర్సిటీలో మార్క్ ఎడ్వర్డ్స్ అనే ప్రొఫెసర్ దాకా వెళ్ళింది. వర్జీనియా టెక్ ఆ ఊళ్ళో లేదు, ఆ రాష్ట్రంలో కూడా లేదు.

2015 ఆగస్టులో ఎడ్వర్డ్స్ బృందం నీళ్ళు పట్టి పంపడానికి 300 కిట్లు ఫ్లింట్‌కి పంపింది. కిట్‌లో మూడు బాటిళ్ళు. కనీసం ఆరు గంటలు ఇంట్లో ఏ కుళాయీ తిప్పకూడదు. ఆ తర్వాత మొదట పడే నీళ్ళు ఒక లీటరు పట్టాలి, 45 సెకన్లు వదిలేసి రెండో బాటిల్, 2 నిమిషాలు వదిలేసి మూడోది. ఎందుకంటే మొదటి లీటరు రాత్రంతా కుళాయి దగ్గర, ఇంటి పైపుల్లో నిలవ ఉన్న నీళ్ళు, తర్వాతవి ఇంకా దూరంనుంచి వచ్చేవి. మూడు లెక్కలూ పక్కపక్కన పెడితే లెడ్ ఎక్కడ కలుస్తోందో అర్థమవుతుంది. ఇందులో మాయేమీ లేదు, ఓపికగా వివరిస్తే ఎవరైనా చెయ్యగలిగిన పని. ఊరివాళ్ళే కిట్లు పంచారు, ఎలా పట్టాలో ఇరుగుపొరుగుకి చూపించారు, నింపినవి పోగుచేసి వెనక్కి పంపారు. 250కి పైగా తిరిగొచ్చాయి. సర్వేలు చేసి అలవాటున్న ఎవరినైనా అడగండి, ఆ సంఖ్య ఎంత గొప్పదో చెబుతారు. ప్రశ్న తమది కాబట్టే జనం అంత పట్టుగా చేశారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో డాక్టర్ మోనా హన్నా అటీషా అక్కడి పిల్లల రక్తంలో లెడ్ పెరిగిందని చూపే లెక్కలు బయటపెట్టారు. అక్టోబర్‌కల్లా నగరం డెట్రాయిట్ నీళ్ళకి తిరిగి మళ్ళింది.

ఇదేదో అందరూ సుఖంగా ఉన్నారని ముగిసే కథ కాదు. తర్వాతి ఏళ్ళలో ఆ ప్రొఫెసర్‌కీ కొందరు ఉద్యమకారులకీ చెడి వ్యవహారం కోర్టు మెట్లెక్కింది. కలిసి పనిచేస్తే మాట పట్టింపులు వస్తాయి, ఎవరి తరఫున ఎవరు మాట్లాడాలన్న పేచీలు వస్తాయి. ఆల్బమ్ సేవలో ఈ గొడవలేవీ రావు మరి.

ఫ్లింట్‌లో ఒక తల్లి మొండిపట్టు, ఒక ప్రొఫెసర్ స్పందన కలిసొచ్చాయి. అంత మొండిపట్టు లేనివాళ్ళ సంగతేమిటి? ఫలానా ప్రొఫెసర్ ఉన్నాడని తెలియనివాళ్ళ సంగతేమిటి? దీనికి నేను చూసినంతలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు నెదర్లాండ్స్‌లో 1970లలో మొదలైంది. వాటిని సైన్స్ షాపులంటారు. పేరుకి షాపేగానీ అమ్మేదేమీ లేదు. విశ్వవిద్యాలయంలో ఒక గది, అందులో ఒకరిద్దరు ఉద్యోగులు. బయటి సంఘాలు ఏవైనా వచ్చి తమ సమస్య చెప్పుకోవచ్చు. మొదట్లో మూడే షరతులు పెట్టారు. పరిశోధనకి డబ్బు పెట్టుకోలేనివాళ్ళయి ఉండాలి, వ్యాపారం కోసం అడగకూడదు, ఫలితం చేతికొస్తే దాన్ని ఉపయోగించుకోగలిగిన స్థితిలో ఉండాలి. అర్హత ఉన్న ప్రశ్నని ఆ గదివాళ్ళు సరైన డిపార్ట్‌మెంట్‌కి చేరుస్తారు. ఒక విద్యార్థి దాన్ని తన థీసిస్‌గా తీసుకుంటాడు, గైడ్ ఉంటాడు, క్రెడిట్లు వస్తాయి. ఎలాగూ రాయాల్సిన థీసిస్సే. కాకపోతే దానికోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

మూడో షరతు నాకు మరీ ఇష్టం. ఫలితం వస్తే ఏం చేస్తారు అని ముందే అడగడం వల్ల రెండువైపులా పని మీద గౌరవం పెరుగుతుంది.

ఆ గదిలో కూర్చున్న మనిషి చేసే అసలు పని బయటికి కనపడదు. ఎవరో వచ్చి "ఆ ఫ్యాక్టరీ పొగ వల్ల మా పిల్లలకి దగ్గు పట్టుకుంది" అంటారు. అది బాధ, న్యాయమైన బాధ, కానీ ల్యాబుకి అది ఉన్నదున్నట్టు పనికిరాదు. దగ్గు ఏ నెలల్లో ఎక్కువ? గాలి అటునుంచి వీచే రోజులకీ దగ్గుకీ పొంతన ఉందా? పొగలో ఏ రేణువులు కొలవగలం, ఏ గంటల్లో కొలవాలి? అదే వయసు పిల్లలు ఫ్యాక్టరీకి దూరంగా ఉన్నచోట ఎలా ఉన్నారు? ఇలా కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే బాధ కాస్తా జవాబు చెప్పగలిగిన ప్రశ్నగా తయారవుతుంది. దీనికి శాస్త్రమూ తెలియాలి, మనుషుల మాట వినే ఓపికా ఉండాలి. ఒక్కోసారి జవాబు "ఫ్యాక్టరీ వల్ల కాదు" అని రావచ్చు. అదీ చెప్పగలగాలి, అడిగినవాళ్ళకి నచ్చకపోయినా సరే. ఇలాంటి మనిషిని విశ్వవిద్యాలయాలు మామూలుగా క్లర్కు స్థాయిలో వేస్తాయి, లేదంటే ఎవరో లెక్చరర్‌కి అదనపు బాధ్యతగా అంటగడతాయి. సైన్స్ షాపులు కూడా తర్వాత నిధుల కోతలొచ్చినప్పుడు కొన్ని మూతపడ్డాయి. బడ్జెట్ బిగిసినప్పుడు ముందు కత్తెర పడేది తన తరఫున మాట్లాడేవాడు లేని గది మీదే.

విశ్వవిద్యాలయం జనం దగ్గరికి వెళ్ళడం కొత్త విషయమేమీ కాదు. 1906లో అమెరికాలోని టస్కీగీ విద్యాసంస్థలో వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ప్రణాళిక ప్రకారం ఒక గుర్రపు బండి తయారుచేసి, అందులో పనిముట్లు, విత్తనాలు పెట్టుకుని పేద నల్లజాతి రైతుల పొలాలకే వెళ్ళారు. జెసప్ వ్యాగన్ అంటారు దాన్ని. 1922లో టాగోర్, ఇంగ్లండ్ వ్యవసాయ నిపుణుడు లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ కలిసి బెంగాల్లో శ్రీనికేతన్ పెట్టి పక్క పల్లెల మలేరియా, సాగు, సహకార సంఘాల మీద పనిచేయించారు. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం కాలేజీలు పెట్టడానికి రాష్ట్రాలకి భూములిచ్చింది, 1914 నాటి స్మిత్ లీవర్ చట్టం ఆ కాలేజీల విద్యని పొలాలదాకా తీసుకెళ్ళే విస్తరణ వ్యవస్థని కట్టింది. దాన్ని పొగిడేవాళ్ళు ఒక మాట మరిచిపోతారు, ఆ భూముల్లో కోటి ఎకరాలకి పైగా ఆదివాసీ తెగల నుంచి తీసుకున్నవే. ఒకరికి సేవ చేసిన సంస్థ పునాది ఇంకొకరి నేల మీద ఉండటం ఎంతో అరుదేమీ కాదు.

పొరుగువాడిగా విశ్వవిద్యాలయం ఎలా ఉంటుందన్నది అసలు వేరే చర్చ, కానీ దాన్ని దాటేసి సేవ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ 1968లో, నల్లజాతి జనం ఎక్కువగా ఉండే హార్లెమ్ పక్కన మార్నింగ్‌సైడ్ పార్కులో జిమ్ కట్టబోయింది. పార్కు ప్రజలది. భవనంలో కొంత భాగం స్థానికులకీ ఇస్తామన్నారు. కాకపోతే విద్యార్థులు పైనుంచి వస్తారు, హార్లెమ్ జనానికి కింద వేరే తలుపు. ఆ రెండో తలుపు కూడా ఒక కారణమై క్యాంపస్ అంతా అట్టుడికింది, చివరికి జిమ్ ఆగిపోయింది. అప్పటికే తవ్విన గొయ్యి తర్వాతెప్పుడో చెరువుగా మారింది. ఆ ప్లాను గీసినవాళ్ళు దాన్ని సేవగానే భావించి ఉంటారు. ఇవాళ కూడా లైబ్రరీలోకి బయటివాళ్ళని రానివ్వని, క్యాంపస్ ఊడ్చేవాళ్ళకి కాంట్రాక్టర్ జీతం సరిగా ఇస్తున్నాడో లేదో చూడని సంస్థ ఊరికి వెళ్ళి హక్కుల మీద అవగాహన సదస్సు పెడితే వినేవాళ్ళు లోలోపల నవ్వుకుంటారు.

ఇక ఎదుటి వాదన. విశ్వవిద్యాలయం పని జ్ఞానాన్ని పెంచడం, ఊళ్ళో కుళాయిలు చూడటం కాదు. అందర్నీ స్థానిక సమస్యల వైపు తోలితే సంఖ్యా సిద్ధాంతం, ప్రాచీన లిపులు, నక్షత్రాలు ఎవరు చదువుతారు? ఈ భయం నాకూ కొంత ఉంది. నక్షత్రాలు చూసేవాడిని తీసుకెళ్ళి మురుగుకాలువ సర్వేలో పడేయమని నేననను. ప్రతి డిపార్ట్‌మెంటూ ఏటా ఇన్ని సేవలు చూపించాలని సర్క్యులర్ వస్తే మళ్ళీ ఆల్బమ్‌కే చేరతాం.

అయితే బయటి ప్రశ్న వల్ల శాస్త్రం చిన్నబోతుందన్నది మాత్రం ఒప్పుకోను. 1850లలో లూయీ పాశ్చర్ లిల్ పట్టణంలో ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు, ఒక విద్యార్థి తండ్రి తన బట్టీలో బీట్ దుంపల నుంచి తీసే ఆల్కహాల్ పాడైపోతోందని వచ్చి అడిగాడు. పాశ్చర్ వెళ్ళి చూశాడు. పులియడం మీద ఆయన చేసిన పనికి, అక్కణ్ణుంచి సూక్ష్మజీవుల దాకా సాగిన దారికి ఆ బట్టీ ఒక మొదలు. ఇందులో ఇంకో సంగతీ గమనించాలి. ఆ తండ్రి ఫ్యాక్టరీ యజమాని. డబ్బున్నవాళ్ళ ప్రశ్నలు విశ్వవిద్యాలయాల్లోకి ఎప్పుడూ వస్తూనే ఉన్నాయి, వాటికి కన్సల్టెన్సీ అని, స్పాన్సర్డ్ ప్రాజెక్టు అని గౌరవమైన పేర్లున్నాయి, ప్రత్యేక విభాగాలున్నాయి, ఫైళ్ళున్నాయి. వాటివల్ల స్వచ్ఛమైన జ్ఞానం మైలపడిపోతోందని ఎవరూ గగ్గోలు పెట్టరు. ఫీజు కట్టలేనివాడు ప్రశ్న పట్టుకొస్తేనే సిద్ధాంతాలు గుర్తొస్తాయి.

అసలు అడ్డంకి సిద్ధాంతాల్లో లేదు, ప్రమోషన్ ఫారంలో ఉంది. ఒక యువ లెక్చరర్ ఏడాది పాటు ఒక బస్తీవాళ్ళతో కూర్చుని, వాళ్ళ నీళ్ళ లెక్కలు తీసి, వాళ్ళకి అర్థమయ్యే భాషలో నలభై పేజీల నివేదిక రాసిచ్చిందనుకోండి. ఆ నివేదికతో వాళ్ళు మున్సిపాలిటీని కదిలించారనుకోండి. ప్రమోషన్ ఇంటర్వ్యూలో దాని విలువ సున్నా. అదే ఏడాది ఎవరూ చదవని జర్నల్లో రెండు పేపర్లు వేసిన సహోద్యోగికి మార్కులొస్తాయి. ఇలాంటి లెక్క పెట్టి, యువతరానికి సామాజిక బాధ్యత లేదని ఉపన్యాసాలివ్వడం అన్యాయం. ఆ నివేదికని ఇద్దరు నిపుణులతోనూ, దాన్ని వాడుకున్నవాళ్ళతోనూ పరీక్ష చేయించి, నిలబడితే ఒక పేపర్‌తో సమానంగా లెక్కేయండి. అంతకన్నా విప్లవం అక్కర్లేదు.

విద్యార్థులకి తప్పనిసరి చెయ్యడం ఇంకో దారి. 2018లో బ్రెజిల్ డిగ్రీ కోర్సుల గంటల్లో కనీసం 10 శాతం సమాజంతో కలిసి చేసే పనికి కేటాయించాలని నిబంధన తెచ్చింది. మెక్సికోలో డిగ్రీ చేతికి రావాలంటే సామాజిక సేవ చేసి తీరాలి. నాకు ఇందులో సగం సంతోషం, సగం అనుమానం. గంటలు నింపాల్సిన విద్యార్థులు వేలమంది ఒక్కసారిగా బయటికొస్తే వాళ్ళకి దారి చూపించే పని కూడా ఆ బస్తీలవాళ్ళ మీదే పడుతుంది. పైగా సెమిస్టర్ అంటే పదిహేను వారాలు. మొదటి మూడు పరిచయాలకి పోతాయి, చివరి మూడు పరీక్షల టెన్షన్‌కి పోతాయి. ఆ తర్వాత కొత్త బ్యాచ్ వచ్చి మళ్ళీ పేర్లు అడుగుతుంది. అందుకే విద్యార్థులు మారినా మారని ఒక మనిషి ఉండాలి. ఊరివాళ్ళు వెచ్చించే సమయానికి డబ్బు ఇవ్వాలి. బయటి నిపుణుడు వస్తే గౌరవ వేతనం, దారిఖర్చులు ఇస్తాం కదా, తన వీధి నీళ్ళ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి మనకి నాలుగు రోజులు పాఠం చెబితే టీతో సరిపెట్టడమేమిటి?

మొదలుపెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. వచ్చే ఏడాది థీసిస్ అంశాల జాబితాలో పదోవంతు ఖాళీగా ఉంచి, అవి బయటినుంచి వచ్చే ప్రశ్నలకని ప్రకటించండి. గేటు బయట కనపడేలా ఒక గది, ఒక ఫోన్ నంబరు. అడిగినవాళ్ళకి రెండు వారాల్లో జవాబు వెళ్ళాలి, "ఇది మావల్ల కాదు" అన్న జవాబైనా సరే. పూర్తయిన పని ముందు అడిగినవాళ్ళ చేతికి వెళ్ళాలి, జర్నల్‌కి ఆ తర్వాత. ఆ గదిలో మనిషికి పూర్తికాలపు ఉద్యోగం ఇవ్వండి, ఆ మనిషి బదిలీ అయిపోతే మర్నాటి నుంచి ఫోన్ ఎవరెత్తాలో ఆ ఉత్తర్వులోనే రాసేయండి.